కుక్కతో ఓరుగల్లు నడక: ఏ కట్టకు పోవాలి, ఏ గుట్ట ఎక్కొద్దు

హన్మకొండలో కుక్కను పెంచుకునేవాళ్లు నలుగురు ఒకచోట కలిస్తే, మాట ఎక్కడ మొదలైనా చివరికి లక్నవరం చెరువు దగ్గరికే వస్తుంది. మావాణ్ని ఆ వేలాడే వంతెన మీద నిలబెట్టి ఒక్క ఫొటో తీయాలి అని. ఆ ముచ్చట పక్కన పెట్టండి. మన దగ్గర ఫొటోకు బాగుండే చోట్లలో చాలావరకు కుక్కకు పనికిరానివే. కొన్ని అభయారణ్యాలు, కొన్ని గుళ్లు, కొన్ని పురావస్తు శాఖ కంచె వేసిన కట్టడాలు, మిగిలినవి కోతుల రాజ్యాలు. కుక్కకు కుదిరే చోట్లు చూడ్డానికి ఏమంత ఉండవు: ఊరి చివర చెరువుకట్ట, కోతలైపోయిన పొలాల మధ్య బండ్లబాట, ఆదివారం పొద్దున ఎవరూ లేని క్యాంపస్ రోడ్డు. దానికి కావాల్సింది వాసనలు. సూర్యాస్తమయం మనకోసం.

అందుకే ఈ పోలికలో అందచందాలకు మార్కులు వేయలేదు. కాలి కింద నేల ఎట్లుంది, నీళ్లు ఎట్లాంటివి, ఎదురొచ్చేది ఎవరు అన్నవే చూశాను. అన్నీ కలిసొచ్చే చోటు వరంగల్ చుట్టుపక్కల అరుదు. ఏది తక్కువైతే మీ కుక్కకు నడుస్తుందో అదే మీరు తేల్చుకోవాల్సింది.

రోజువారీ నడక: భద్రకాళి, వడ్డేపల్లి, గ్రౌండ్లు

భద్రకాళి చెరువుకట్టను హృదయ్ (వారసత్వ నగరాల కోసం కేంద్రం తెచ్చిన పథకం) కింద బాగుచేసిన తర్వాత నగరంలో నడిచేవాళ్లందరికీ అదే చిరునామా అయింది. పొద్దున వాకర్లు, సాయంత్రం పిల్లాపాపలతో కుటుంబాలు, మధ్యలో సెల్ఫీలు. మనుషులకు ఇంతకంటే ఏం కావాలి? కానీ కుక్కతో పోతే అడుగడుక్కీ ఎవరో ఒకరు పక్కకు జరగాలి, లేదా మీరు జరగాలి. గుడికి పోయే భక్తులు అటే వస్తుంటారు, తలస్నానం చేసి పూలబుట్ట పట్టుకున్న మనిషి కాలికి మీ కుక్క ముక్కు తగిలితే ఆమె కోపంలో తప్పేం లేదు. కాలభైరవుడి వాహనం కుక్కే అయినా గుడి దగ్గరికి కుక్కను రానిచ్చేవాళ్లు మన దగ్గర లేరు, ఆ వాదన పెట్టుకోకండి. ఇంకో మాట, గేటు, టికెట్టు ఉన్న ఏ పార్కులోనైనా కుక్కను రానిస్తారని లెక్క వేసుకొని బయల్దేరొద్దు. వాచ్‌మన్ వద్దంటే వద్దనే.

వడ్డేపల్లి చెరువుకట్ట ఈ విషయంలో కొంత మేలు. కాజీపేట, ఫాతిమానగర్, నక్కలగుట్ట వైపు ఉండేవాళ్లకు దగ్గర. కట్ట మీద ఎదురొచ్చే మనిషి గానీ ఇంకో కుక్క గానీ దూరం నుంచే కనపడతారు, చైన్ కురచగా పట్టుకోవడానికి టైం దొరుకుతుంది. అయితే ఇది తాగునీటి చెరువు, కుక్కను అందులో దింపడం సరికాదు. ఎండాకాలం ఆ చల్లటి నీళ్లు చూసి లాబ్రడార్ ఎంత గుంజినా సరే, దింపొద్దు.

ఏ చెరువైనా గుర్రపుడెక్క విషయంలో మాత్రం జాగ్రత్త. నీళ్ల మీద పచ్చగా, చదునుగా పరుచుకొని ఉంటే కుక్కకు అది గడ్డి నేల. పరుగెత్తుకుంటూ పోయి అందులో కాలు పెడుతుంది. మునిగిన తర్వాత ఆ వేర్లు కాళ్లకు చుట్టుకుంటాయి, ఈత వచ్చిన కుక్క కూడా ముందుకు కదలలేదు. పిలిస్తే వెనక్కి వచ్చే కుక్కయినా గుర్రపుడెక్క ఉన్న ఒడ్డు వెంట చైన్ విప్పకండి.

ఇక గ్రౌండ్లు. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో తెల్లవారకముందే కానిస్టేబుల్, ఆర్మీ ఉద్యోగాలకు పరుగు ప్రాక్టీస్ చేసే పిల్లలు దిగిపోతారు. కుక్క కళ్ల ముందు ఎవరైనా పరుగెత్తితే వెంటపడటం దాని నైజం. నోటిఫికేషన్ పడ్డ రోజుల్లో అటు పోకపోవడమే మంచిది. వాళ్లకది బతుకుదెరువు, మనకిది కాలక్షేపం. కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్యాంపస్ రోడ్లు, గేటు దగ్గర అభ్యంతరం లేకపోతే, కుక్కకు ఇంతకంటే హాయి: చెట్ల నీడ ఉంటుంది, బండ్లు తక్కువ. క్యాంపస్ కుక్కలు మాత్రం ఎక్కువే, వాటి సంగతి తర్వాత. హంటర్ రోడ్డు జూ గురించి అడిగేవాళ్లకు ఒకే మాట, జంతువులున్న చోటికి కుక్కను తీసుకుపోరు.

నగరంలో ఎక్కడ నడిచినా చైన్ తప్పనిసరి, అది నిబంధన కోసం కాదు. 2023 మేలో కాజీపేట రైల్వే క్వార్టర్స్ దగ్గర వీధికుక్కలు మీదపడి ఒక చిన్న పిల్లవాడు చనిపోయాడు. ఆ తర్వాత ఈ ఊళ్లో తల్లిదండ్రులు ఏ కుక్కను చూసి భయపడినా దానికి కారణం ఉంది. "అన్నా, కరుస్తదా?" అని అడిగితే "ఏమనదు అన్నా" అని నవ్వి వదిలేస్తాం మనం. ఏమనదని తెలిసింది మీకు, ఎదుటివాళ్లకు కాదు. చైన్‌ను రెండు చుట్లు చేతికి చుట్టుకొని రోడ్డు దిగి నిలబడితే చాలు, ఆ పలకరింపు దానంతటదే మారుతుంది. చట్టం సంగతి కూడా తెలిసుండాలి. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, మన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు, తీవ్రమైన గాయం జరగకుండా చూసుకోవడంలో నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఖిలా వరంగల్: నా ఓటు దీనికే

కోట అనగానే అందరికీ కీర్తి తోరణాలే గుర్తొస్తాయి. ఆ టికెట్టు ఆవరణలోకి కుక్కకు ప్రవేశం లేదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లోకి జంతువులను తీసుకురాకూడదన్నది 1959 నాటి నిబంధనల్లోనే ఉంది. ఖుష్ మహల్ దగ్గరా, ఏకశిల గుట్ట దగ్గరా అదే లెక్కలో ఉండండి. రాతికోట గోడల మీదికి ఎక్కించడం కూడా మానుకోండి.

మరి నా ఓటు ఎందుకు? కోట అంటే ఆ తోరణాలు ఒక్కటే కాదు కాబట్టి. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన రాతికోట ఒకటి, దాని చుట్టూ అగడ్త, దానికి బయట మట్టికోట. ఈ రెండు ప్రాకారాల నడుమ ఇప్పటికీ ఊరుంది, పొలాలున్నాయి, బర్రెలున్నాయి. అక్కడి బాటలు ఊరివాళ్లు రోజూ తిరిగేవి. రాళ్లు తేలిన మట్టిబాట, పక్కన వరి మడి, ఇంకో పక్క దూరంగా బురుజు. సిమెంటు రోడ్డు మీద నడిచి నడిచి విసిగిన కుక్కను ఆ మట్టి మీద నడిపించి చూడండి, ముక్కు నేలకు ఆనించి పావుగంట తల ఎత్తదు. కుక్కకు ఒక కిలోమీటరు వాసన చూసుకుంటూ నడవడం, మూడు కిలోమీటర్లు గుంజుకుపోవడం కంటే ఎక్కువ అలుపు. ఇంటికొచ్చి సోఫాలు కొరికే కుక్కలకు ఈ మందు బాగా పనిచేస్తుంది.

శివనగర్, రంగశాయిపేట, కరీమాబాద్ వాళ్లకు ఇది గుమ్మం ముందు నడకే. హన్మకొండ నుంచి బండి మీద తెచ్చుకోవాలి. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా బాగుంటుంది, ఆ తర్వాత బర్రెలు బయల్దేరుతాయి. బర్రె ఎదురైనప్పుడు బాట దిగి, కుక్కను మీ అవతలి పక్కకు తీసుకొని ఆగండి. పక్కన దూడ ఉంటే అసలే దగ్గరికి పోవద్దు. దూడ ఉన్న బర్రె మొరిగే కుక్కను ఊరికే వదలదు, మీరు మధ్యలో ఉన్నారని కూడా చూడదు.

ఇక్కడి నేలలో రెండు చిక్కులు. ఒకటి పల్లేరుకాయ. శీతాకాలం చివర బాటల అంచుల్లో ఎండిన పల్లేరు నేలంతా రాలి ఉంటుంది. బాగా నడుస్తున్న కుక్క ఉన్నట్టుండి ఆగి ముందరికాలు ఎత్తి, మీ వైపు చూస్తుంది. చాలామంది పంజా కింద ఒకసారి చూసి ఏం లేదనుకుంటారు. కాయ అక్కడుండదు, రెండు వేళ్ల మెత్తల నడుమ వెంట్రుకల్లో దిగి ఉంటుంది. వేళ్లు విడదీసి, వెంట్రుకలు పక్కకు తొలగించి, గోళ్లతో నిటారుగా లాగాలి. పక్కకు లాగితే ముల్లు విరిగి లోపలే ఉండిపోతుంది, రెండు రోజులకు అక్కడ చీము పడుతుంది. కాకర్ స్పేనియల్, షిడ్జూ వంటి బొచ్చు కాళ్ల కుక్కలకు ఈ బాధ ఎక్కువ.

రెండోది పొలం మందులు. పత్తికి, మిర్చికి మందు కొట్టిన రోజుల్లో గట్ల వెంట నడిస్తే కాళ్లకు అంటుతుంది, ఇంటికొచ్చి కుక్క ఆ కాళ్లే నాకుతుంది. వరి పొలాల్లో ఎలుకల మందు కలిపిన నూకలు పెడతారు. వానాకాలం పంట నడిచే రోజుల్లో బాట మధ్యలోనే నడిపించండి, తిరిగొచ్చాక నాలుగు కాళ్లూ సబ్బునీళ్లతో కడగండి. పంట కోసేశాక ఈ భయం చాలావరకు పోతుంది.

గుట్టల్లో ఏది?

వరంగల్ వాళ్లకు గుట్టలకేం కరువు! కానీ ఊళ్లోని గుట్టల్లో దాదాపు అన్నిటి మీదా దేవుడున్నాడు. పద్మాక్షి గుట్ట మీద అమ్మవారు, జైన శిల్పాలు. గోవిందరాజుల గుట్ట, ఎర్రగట్టు గుట్ట, మడికొండ మెట్టుగుట్ట కూడా గుడి గుట్టలే. అంటే మెట్లు, భక్తులు, కొబ్బరిచిప్పలు, వాటికోసం కోతులు. కోతులకు భయపడే కుక్కతో పోవచ్చు, వెనక్కి వచ్చేస్తుంది. భయపడని కుక్కతోనే గొడవ. ఒక్క కోతిని తరిమితే పది చుట్టుముడతాయి, పెద్ద మగకోతి పళ్లు కుక్క పళ్ల కంటే తక్కువవేం కాదు. చైన్‌కు కట్టి ఉన్న కుక్క పారిపోలేదు కూడా. గుడి గుట్టల్లో మెట్లెక్కకుండా కింద చుట్టుబాట వరకే అనుకుంటే మెట్టుగుట్ట నయం. ఆ రెండు రాతి స్తంభాల్లాంటి బండలను దూరం నుంచి చూసి తిరిగి రావచ్చు. పద్మాక్షి దగ్గర ఊరి మధ్యలో ఉన్నట్టే, కుక్కకు ప్రత్యేకంగా దొరికేది ఏం లేదు.

నిజంగా గుట్ట నడకే కావాలంటే ధర్మసాగర్ దాటి దేవునూరు పక్కన ఇనుపరాతి గుట్టలున్నాయి. నగరానికి ఇంత దగ్గరలో ఇంత అడవి ఉందంటే నమ్మలేం. కానీ అది అటవీ భూమి, దాని మర్యాద దానిది. ఊరివాళ్లను, అటవీ సిబ్బందిని అడిగి, బాట ఉన్నంతవరకే పోవాలి, కుక్కను విప్పకూడదు. నెమలిని తరమడం దానికి ఆట, నెమలికి కాదు. పైగా నెమలి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న పక్షి, దాని జోలికి పోతే జవాబు చెప్పాల్సింది మీరే.

ఇక్కడే కాదు, ఉత్తర తెలంగాణలో అడవి అంచు పొలాలు ఎక్కడున్నా అక్కడ కుక్కను విప్పకూడదనడానికి ఇంతకంటే పెద్ద కారణం అడవిపందులు. వాటి భయానికి కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు. చట్టవిరుద్ధమే, అయినా ఆగలేదు. మనుషులే తగిలి పోతున్నారు. వేటగాళ్లు బ్రేక్ వైరుతో ఉచ్చులు వేస్తారు, ఇంకొందరు తిండిలో చుట్టిన నాటుబాంబులు పెడతారు. కొరికితే పేలేవి. కుక్క ముక్కుకు అది కొవ్వు వాసన వేసే తిండి ముద్ద, అంతే. మీరు వెనక పదడుగుల దూరంలో ఉండి చేయగలిగిందేం లేదు. అందుకే అడవి అంచున తెల్లవారుజాము చీకట్లో నడవడం వద్దు, వెలుతురు వచ్చాక ఆరడుగుల చైన్‌తో, బాట మీద.

పాము సంగతి కూడా ఇక్కడే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగూ మన జిల్లాల్లో ఉన్నవే. కుక్కకు కాటు ఎక్కువగా మూతి మీదో ముందరికాలి మీదో పడుతుంది. మూతి ఒక పక్కకు వాచి, జొల్లు కారుతుంటే ఆలోచించకుండా ఎత్తుకొని డాక్టరు దగ్గరికి. మనుషులకిచ్చే విరుగుడు మందే కుక్కకూ ఇస్తారు. కట్లు కట్టడం, కోసి రక్తం తీయడం చేయొద్దు. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, ఊళ్లో ప్రైవేటు డాక్టర్లున్నారు. ఆదివారం పొద్దున ఎవరు ఫోను ఎత్తుతారో నడకకు పోకముందే కనుక్కొని పెట్టుకోండి.

నీళ్లంటే ప్రాణమిచ్చే కుక్కలు: ధర్మసాగర్, కాలువలు

దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు ధర్మసాగర్‌కు వస్తాయి కాబట్టి చుట్టుపక్కల చెరువులు ఎండినా ఇక్కడ నీళ్లు కనపడతాయి. గాలి బాగుంటుంది, వారం మధ్యలో జనం తక్కువ. కట్ట మీద నడకకు మంచి చోటే, నీడ మాత్రం లేదు. ఎనిమిది దాటితే కట్ట మీది రాళ్లు కాలుతాయి. ఇదీ నగరానికి తాగునీరు పోయేదే, అంటే వడ్డేపల్లి దగ్గర చెప్పిందే ఇక్కడా.

కాకతీయ కాలువ గట్టు మీద నడిచేవాళ్లు చాలామంది ఉన్నారు. పోచంపాడు నుంచి 284 కిలోమీటర్లు పారే ఈ కాలువ గట్టు చదునుగా, పొడుగ్గా, ఖాళీగా ఉంటుంది. చూస్తే కుక్క నడకకే కట్టినట్టుంటుంది. నేనైతే నీళ్లు వదిలిన రోజుల్లో ఆ గట్టుకు పోను, ఎవరినీ పొమ్మనను. లైనింగ్ వేసిన కాలువ పక్కలు ఏటవాలు సిమెంటు, దాని మీద నాచు. నీళ్లు తాగబోయి జారిన కుక్క ఎంత ఈదినా ఆ వాలు మీద గోరు నిలవదు. దాన్ని పట్టుకోబోయి మనిషి జారితే అతనికీ అంతే గతి. ఎండిన కాలువ వేరే సంగతి, అప్పుడు గట్టు భేషుగ్గా ఉంటుంది. నీళ్లున్నప్పుడు గట్టు మీద పోక తప్పకపోతే చైన్ మెడ బెల్టుకు కాదు, ఛాతీకి వేసే హార్నెస్‌కు తగిలించండి, మీరు నీళ్ల వైపు నడవకండి.

నిజంగా ఈత కొట్టించాలంటే ఊరి చెరువులో మత్తడికి, తూముకు దూరంగా, నేల మెల్లగా లోతయ్యే ఒడ్డు చూసుకోవాలి. అక్కడి చాకలివాళ్లను, బర్రెలు కడిగేవాళ్లను ఒక మాట అడిగితే లోతెక్కడో వాళ్లే చెప్తారు. వానాకాలం మొదటి నీళ్లలో మాత్రం వద్దు. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ నిలవనీటిలో ఎక్కువగా అంటుకుంటుంది, కుక్కకే కాదు మనిషికి కూడా. ఏటా వేయించే టీకాలో లెప్టో ఉందో లేదో పుస్తకం తీసి చూడండి, అన్ని టీకాల్లో ఉండదు.

దూరం పోదామనుకుంటే

ఇక్కడే ఎక్కువమంది డబ్బులు, పెట్రోలు వృథా చేసుకుంటారు.

పాఖాల వరంగల్‌కు సుమారు 50 కిలోమీటర్లు. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ అడవి, చూడ్డానికి మన ప్రాంతంలో దానికి సాటి లేదు. అది వన్యప్రాణి అభయారణ్యం. ఏటూరునాగారం వైపూ అంతే. కుక్కను తీసుకుపోవద్దనడంలో నాకు రెండో ఆలోచన లేదు. చిరుతకు కుక్క ఇష్టమైన ఎర, ఆ అడవుల్లో పులి తిరుగుతోందని అటవీశాఖ హెచ్చరించిన సందర్భాలు కూడా ఉన్నాయి. కుక్కకు ముప్పు అనేది ఒక పక్క. ఇంకో పక్క, కుక్కల వల్ల అడవికి ముప్పు. 2018లో గిర్ అడవుల్లో సింహాలు వరసగా చనిపోయినప్పుడు తేలిన కారణాల్లో కెనైన్ డిస్టెంపర్ ఒకటి. అది కుక్కల్లో కనపడే జబ్బే. మన కుక్క పైకి ఆరోగ్యంగా ఉన్నా దాని మలం, మూత్రం అడవిలో వదిలి రావడానికి మనకు హక్కు లేదు.

లక్నవరం బోటు, వంతెన, జనం. వారాంతంలో మనుషులకే ఊపిరాడదు. కదిలే వంతెన మీద కుక్క నాలుగు కాళ్లు నాలుగు వైపులా పోతాయి, వణుకుతూ కూర్చుండిపోతుంది. ఆ ఫొటోలో దాని ముఖం చూస్తేనే తెలుస్తుంది.

రామప్ప గుడి 2021లో యునెస్కో జాబితాకెక్కినప్పటి నుంచి సందడి పెరిగింది. గుడి ఆవరణలోకి కుక్క రాదు. ఇంట్లోవాళ్లు గుడి చూస్తుంటే ఒకరు కుక్కతో బయట ఉండి, తర్వాత చెరువు వైపు కాసేపు నడవడం అనేది కుదిరే పద్ధతి. అంతకోసం అంత దూరం అవసరమా అంటే, కుటుంబమంతా ఎలాగూ పోతుంటే సరే, కుక్కకోసమే అయితే వద్దు. కారులో మాత్రం ఒక్కదాన్నే వదిలి పోకండి. అద్దం కొంచెం దించినా మన ఎండకు కారు కొలిమే.

రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు రాళ్లెక్కే కుర్రాళ్లు వస్తుంటారు. ఆదిమ మానవుల రంగు బొమ్మలున్న గుహలు, నిట్టనిలువు ఇసుకరాతి గోడలు. మనుషులకు దీన్ని మించిన నడక మన దగ్గర లేదంటాను. కుక్కకు మాత్రం ఇరుకు సందులు, ఎత్తు బండలు. దాన్ని ఎత్తుకొని దింపాల్సిన చోట్లే ఎక్కువ, ఇరవై ఐదు కిలోల కుక్కను ఎవరెత్తుతారు? కొండ గోడలకు పెద్ద తేనెతుట్టెలు పడితే మొరిగే కుక్క అక్కడ ఎంతమందికి ముప్పో చెప్పనక్కర్లేదు.

కరీంనగర్ వైపు బంధువులుంటే లోయర్ మానేరు డ్యామ్ పరిసరాల్లో గాలికి ఒక సాయంత్రం నడక బాగుంటుంది, సిబ్బంది ఎక్కడి దాకా పోనిస్తే అక్కడి దాకా. ఎల్గందల్ కోట ఎక్కించడం కుర్ర కుక్కకు, అదీ చలికాలంలో, అదీ ముందు అక్కడివాళ్లను అడిగి.

నెలను బట్టి మారే లెక్క

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా పైన చెప్పినవాటిలో కుదిరే చోట్లన్నీ కుదురుతాయి. మిగతా ఏడాదిలో చోటు కంటే గడియారం ముఖ్యం.

మార్చి వచ్చిందంటే పొద్దున ఏడు లోపు ఇంట్లో ఉండాలి. సాయంత్రం నడక అనేది చాలామంది అనుకున్నంత చల్లటిది కాదు, మే నెలలో ఏడింటికి కూడా తారురోడ్డు వేడి వదలదు. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే అదీ నడవలేదు. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడమే దాని కూలర్. వగర్పు తగ్గకుండా, చిగుళ్లు ఎర్రబడి, నడక తూలితే అక్కడికక్కడే నీడలో పెట్టి ఒంటి మీద మామూలు నీళ్లు పోస్తూ గాలి తగలనివ్వాలి. చల్లబరచడం ముందు, బండెక్కించడం తర్వాత.

వానాకాలంలో గోమార్లు. గడ్డి మోకాలెత్తు పెరిగిన కట్టలన్నీ వాటి ఇళ్లే. చెవి లోపలి మడత, వేళ్ల సందులు, బెల్టు కింద, తోక మొదలు చూడాలి. కుక్క రెండు పూటలు తిండి మానేసి డల్‌గా పడుకుంటే జ్వరమేనని తేలిగ్గా తీసుకోకండి, గోమారు కాటుతో వచ్చే టిక్ ఫీవర్‌లో రక్తకణాలు పడిపోయి ముక్కు నుంచి రక్తం వచ్చేదాకా పోతుంది. నెలకో మూడు నెలలకో ఇచ్చే నమిలే మాత్రలు డాక్టరును అడిగి మొదలుపెడితే జూన్ నుంచి నడకలు ఆపాల్సిన పని లేదు.

పండగలు ఇంకో లెక్క. వినాయక నిమజ్జనం రోజుల్లో చెరువుల వైపే పోవద్దు, డీజే చప్పుడుకు చైన్ తెంపుకొని పోయిన కుక్కలు చాలా ఉన్నాయి. బతుకమ్మ తొమ్మిది రోజులు సాయంత్రం పూట కట్టలన్నీ ఆడబిడ్డలవి, మనం పొద్దున పోదాం. సంక్రాంతి తర్వాత వారం పదిరోజులు తెగిన మాంజా నేల మీద, పొదల్లో చిక్కుకొని ఉంటుంది, పంజాకు చుట్టుకుంటే బ్లేడు గీసినట్టే. రెండేళ్లకోసారి మేడారం జాతర వేళ ములుగు రోడ్డు వైపు కుక్కతో బయల్దేరే ఆలోచనే వద్దు.

వీధికుక్కలు ఎదురైతే

వరంగల్‌లో ఏ బాటకైనా ఇదే అసలు పరీక్ష. గల్లీ కుక్కలు చాలావరకు కోపంతో రావు, హద్దు కాపాడుకోవడానికి వస్తాయి. హద్దు దాటగానే ఎక్కువగా ఆగిపోతాయి. కాబట్టి పరుగెత్తొద్దు, మీ కుక్కను ఎత్తుకోవద్దు (చిన్న కుక్కను ఎత్తుకుంటే పైకి ఎగురుతాయి), వాటికి వీపు చూపించొద్దు. మీ కుక్కను వెనక పెట్టుకొని, గట్టిగా ఒక్క అరుపు అరిచి, వంగి రాయి తీస్తున్నట్టు చేస్తే చాలా గుంపులు వెనక్కి తగ్గుతాయి. రాయి వేయాల్సిన పని లేదు. చేతిలో గొడుగు ఉంటే ఇంకా మంచిది, టప్పున తెరిస్తే చాలు. ఇంకో కిటుకు, రోజూ అదే దారిలో, అదే వేళకు పోండి. వారం పదిరోజులకు వాటికి మీరు అలవాటవుతారు, తోక ఊపేది కూడా ఒకటి ఉంటుంది. బాట మార్చినప్పుడల్లా ఆ పరిచయం మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. కొత్త కొత్త చోట్లకు తిప్పాలన్న ఉత్సాహం ఉన్నవాళ్లకు నేను వద్దనేది అందుకే.

మీ ఇంట్లో ఉన్నది ఏదో దాన్ని బట్టి

పగ్, షిడ్జూ, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు గుట్టలు లేవు, కట్టలు కూడా చలికాలంలోనే. కాలనీ లోపలి రోడ్డు, కేయూ నీడ, ఇరవై నిమిషాలు. అంతకంటే వాటిని పరుగు పెట్టించొద్దు. సైబీరియన్ హస్కీని కొని వరంగల్ మేలో తిప్పేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర మర్యాదగల మాట లేదు.

లాబ్, గోల్డెన్ రిట్రీవర్‌లకు ధర్మసాగర్ కట్ట, ఖిలా వరంగల్ పొలం బాటలు. బరువు పెరిగిన లాబ్‌కు మెట్లున్న గుట్ట వద్దు, దిగేటప్పుడు భుజాల మీద, మోచేతుల మీద పడే భారం పెద్ద వయసులో కుంటితనంగా బయటపడుతుంది. జర్మన్ షెపర్డ్ తుంటి బలహీనతకు కూడా ఇదే జాగ్రత్త. కాపలా నైజం ఎక్కువ కాబట్టి దానికి భద్రకాళి కట్ట కంటే జనం లేని వేళ వడ్డేపల్లి నయం.

దేశవాళీ కుక్క ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఎండకు, నేలకు, దూరానికి అన్నిటికీ అదే ముందు. ఇనుపరాతి గుట్టల నడకకు దాన్ని మించింది లేదు. పొట్టి బొచ్చు కాబట్టి గోమారు దాక్కోలేదు, పల్లేరు కనపడిపోతుంది. దానితో ఉన్న ఒకే ఒక తలనొప్పి, ఉడుత కనపడితే మీ మాట వినదు.

ముసలి కుక్కకు కొత్త చోటు అక్కర్లేదు. అలవాటైన గల్లీలోనే రోజుకు రెండుసార్లు, అది ఆగిన ప్రతిచోటా మీరూ ఆగాలి.

కుక్కపిల్లల సంగతి: పార్వో, డిస్టెంపర్ టీకాల కోర్సు మొత్తం పూర్తయ్యి, డాక్టరు సరే అనేదాకా నేల మీద దింపే నడక ఏదీ లేదు. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, ఇక్కడ వీధి వీధికీ ఉంది. అంతవరకు ఎత్తుకొని బాల్కనీలో నిలబడి ఆటో హారన్, పాలవాడి గంట, బర్రెల మంద చూపించండి. మూడు నాలుగు నెలల వయసు లోపే ఈ చప్పుళ్లు విని పెరిగిన పిల్ల, రేపు వడ్డేపల్లి కట్ట మీద బైకు పక్క నుంచి పోయినా ఉలిక్కిపడదు.